చీకటి పలక మీద వెలుగు రాత

పొద్దు గుంకిన తరువాత మంచి ఫొటో తీయడం కుదరదని మనలో చాలామంది అనుకుంటాము. పెండ్లి పందిట్లోనో, క్రిస్మస్ రాత్రి ఆరాధనలోనో ఫ్లాష్ వెలిగించి తీసిన ఫొటోలు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ముఖాలకు సున్నం కొట్టినట్టు ఉంటుంది, వాటి వెనుక అంతా బొగ్గులా ఉంటుంది. గాని చీకటినే పలకగా చేసుకొని, చేతిలోని టార్చిలైటునే బలపంగా పట్టుకొని బొమ్మ గీసే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని లైట్ పెయింటింగ్ అంటారు. అంటే వెలుగుతో చిత్రం వేయడం.

ఇది పట్నంలోని స్టూడియో వారికి మాత్రమే చెందిన విద్య కాదు. నిజం చెప్పాలంటే దీనికి పట్నం కంటే పల్లెయే అనుకూలము. వీధి దీపాలు, దుకాణాల బోర్డులు ఎక్కువగా ఉన్నచోట కావలసిన చీకటి దొరకదు. పలాసకు, టెక్కలికి ఆవల, కవిటి నుండి వజ్రపుకొత్తూరు దాకా ఉన్న ఉద్దానం పల్లెల్లో చీకటికి కొదువ లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో కెమెరా ఉన్న ఫోను కూడా ఉన్నది. ఆ ఫోను రాత్రి చాలా ప్రొద్దుపోయేదాకా పిల్లల చేతిలోనే ఉంటున్నదన్నది తల్లిదండ్రుల దిగులు. ఎంతసేపూ చూడటానికే వాడుతున్న ఆ వస్తువుతో ఏదో ఒకటి చేయడం నేర్పితే ఆ దిగులు కొంతైనా తగ్గుతుంది.

ఇది ఎలా జరుగుతుంది?

పగటి వేళ ఫొటో తీసేటప్పుడు కెమెరా కన్ను సెకండులో నూరవ వంతో, ఇంకా తక్కువో తెరచుకొని మూసుకుంటుంది. రాత్రి ఆ కన్నును 10 సెకండ్లు, 20 సెకండ్లు, 30 సెకండ్లు తెరచి ఉంచుతాము. అంతసేపూ లోపలికి వచ్చిన వెలుగంతా ఒకే ఫొటో మీద పోగుపడుతుంది. చీకటిలో ఉన్నది ఏదీ పడదు. కనుక నల్ల బట్టలు కట్టుకొన్న మనిషి కెమెరా ముందు నడిచినా ఫొటోలో కనబడడు. అతని చేతిలోని దీపం నడిచిన దారి మాత్రం గీతగా మిగులుతుంది.

ఇందులో రెండు మార్గాలున్నాయి. దీపాన్ని కెమెరా వైపు తిప్పి గాలిలో గీతలు గీయడం మొదటిది. కెమెరాకు దీపం కనబడకుండా, దాని వెలుగును చెట్టు మీదో గోడ మీదో పూయడం రెండవది. మొదటిది పిల్లలకు సరదా. రెండవది ఓపికతో చేసే పని.

ఎవరు మొదలుపెట్టారు?

ఇది కొత్తగా వచ్చిన వింత అనుకోవద్దు. 1889లో ఫ్రాన్సు దేశంలో ఎతియెన్ జూల్ మారే అనే శరీరశాస్త్రవేత్త, ఆయన సహాయకుడైన జార్జి దెమెనీ ఒక మనిషి కీళ్లకు చిన్న విద్యుద్దీపాలు కట్టి చీకటిలో నడిపించి ఫొటో తీశారు. జబ్బు మనిషి నడకలో తేడా ఎక్కడుందో తెలుసుకోవాలన్నది వారి ఉద్దేశము. ఈ విద్య మొదట రోగిని అర్థం చేసుకోవడానికి పుట్టినదన్న సంగతి మనం మరువకూడదు.

ఆ తరువాత 1914 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే భార్యాభర్తలు కార్మికుల చేతులకు చిన్న బల్బులు కట్టి, వారు పని చేస్తుండగా ఫొటోలు తీశారు. చేయి ఏ దారిన పోతున్నదో, ఎక్కడ వృథాగా తిరుగుతున్నదో ఆ వెలుగు గీతలో కనబడేది. వృథా కదలికలు తగ్గిస్తే అలసట తగ్గుతుందని వారి ఆలోచన. వీరు పన్నెండుగురు పిల్లల తల్లిదండ్రులు. 1924లో భర్త చనిపోయినా లిలియన్ గారు ఆ పెద్ద కుటుంబాన్ని పోషించుకుంటూ ఆ పరిశోధన కొనసాగించారు.

1935లో మ్యాన్ రే అనే చిత్రకారుడు కెమెరా ముందు కూర్చొని చిన్న దీపంతో గాలిలో సుడులు తిప్పాడు. అవి ఉత్త పిచ్చిగీతలేనని డెబ్బై ఏళ్లకు పైగా అందరూ అనుకున్నారు. 2009లో ఎలెన్ కేరీ అనే ఫొటోగ్రాఫరు ఆ బొమ్మను అద్దంలో పెట్టి చూస్తే ఆ సుడులలో ఆయన సంతకం కనబడింది! 1949లో పికాసో అనే ప్రఖ్యాత చిత్రకారుడు చిన్న విద్యుద్దీపంతో గాలిలో బొమ్మలు గీస్తుండగా, అల్బేనియాలో పుట్టిన జాన్ మిలీ 'లైఫ్' పత్రిక కొరకు ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలతో ఈ విద్య లోకమంతటా పేరు పొందింది.

కావలసిన వస్తువులు

ఖర్చు చాలా తక్కువ. షట్టరు వేగాన్ని మనమే నిర్ణయించుకోగల ఫోనో, కెమెరాయో కావాలి. చాలా ఫోన్ల కెమెరాలో 'ప్రో' అనే విభాగం ఉంటుంది. అందులో ఐ.ఎస్.ఓ. అనీ, ఎస్ అనీ కనబడతాయి. ఐ.ఎస్.ఓ. అంటే వెలుగును పట్టే చురుకుదనము. దానిని 100కు తగ్గించండి. ఎస్ అంటే కన్ను తెరచి ఉండే సమయము. దానిని 10 సెకండ్లకు పెంచండి. ఫోనులో ఆ విభాగం లేకపోతే అందుకు తగిన యాప్ వేసుకోవచ్చును. పెద్ద కెమెరా ఉన్నవారు ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8, 20 సెకండ్లు పెట్టుకొని మొదలుపెట్టవచ్చు. పెట్టెలో మూలనపడి ఉన్న పాత రీలు కెమెరా మీద 'బి' అనే గుర్తు ఉంటే, మీట నొక్కి ఉంచినంతసేపూ దాని కన్ను తెరచుకొనే ఉంటుంది. పూర్వం రబ్బరు బుడగను పిసికి ఆ కన్నును తెరచి ఉంచేవారు. 'బల్బు' అన్న ఆ పేరు అలా వచ్చింది.

రెండవది, కెమెరా కదలకూడదు. మూడు కాళ్ల స్టాండు లేకపోతే ఒక స్టూలు, దాని మీద ఇసుక నింపిన చిన్న గుడ్డ సంచి చాలును. సంచిలో గుంట చేసి ఫోనును నిలబెట్టండి. మీట నొక్కేటప్పుడు కూడా ఫోను అదురుతుంది. కనుక 10 సెకండ్ల టైమరు పెట్టుకోండి.

మూడవది, దీపము. ఇంట్లోని టార్చి చాలును. బహుమతులకు చుట్టే రంగు ప్లాస్టిక్ కాగితం ముక్క టార్చి ముఖానికి రబ్బరు బ్యాండుతో కడితే ఎరుపు, నీలం, పసుపు వెలుగులు వస్తాయి. క్రిస్మస్ నక్షత్రం కట్టగా మిగిలిన కాగితం కూడా పనికివస్తుంది. నలుపో, ముదురు నీలమో బట్టలు కట్టుకొంటే మంచిది.

మొదటి పాఠము పెరటిలోనే

ఇంటి వెనుక, దీపాలు ఆర్పివేసి, ఫోనును ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబెట్టండి. చీకటిలో కెమెరాకు దూరం తెలియదు. అందుచేత నిలబడబోయే చోట ముందు టార్చి వేసి, ఫోను తెర మీద ఆ చోటును తాకి స్పష్టత కుదిరిన తరువాత దానిని కదలకుండా బిగించుకోండి. ఇది మరచిపోతే ఫొటో అంతా అలికినట్టు వస్తుంది.

ఇక మీట నొక్కి, టార్చిని కెమెరా వైపు చూపిస్తూ గాలిలో ఒక నక్షత్రం గీయండి. మెల్లగా గీస్తే గీత లావుగా, ప్రకాశంగా వస్తుంది. త్వరగా గీస్తే సన్నగా వస్తుంది. అక్షరాలు రాయాలంటే ఒక అక్షరానికి మరొక అక్షరానికి నడుమ అరచేతితో దీపం మూయాలి. కెమెరాకు ఎదురుగా నిలబడి రాస్తాము గనుక అక్షరాలు తిరగబడి వస్తాయి. భయపడనక్కర లేదు. ఫోనులోనే ఫొటోను అడ్డంగా తిప్పితే సరిపోతుంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి కనుక ఈ పనికి చక్కగా అమరుతాయి. 'అమ్మ' అని రాయించి చూడండి.

ఇదంతా చూసి ఇంట్లోని మామ్మ "ఏటర్రా గుంటలూ, చీకట్లో టార్చిలైటు పట్టుకుని గెంతుతన్నారు?" అని అడుగుతుంది. ఆమెకు ఫోను తెర చూపించండి. తరువాత ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టండి. 10 సెకండ్లు కదలకుండా ఉండమని చెప్పి, మొదటి రెండు సెకండ్లు ప్రక్కనుండి ఆమె ముఖం మీద టార్చి వెలుగు మెత్తగా ఆడించండి. మిగిలిన సమయంలో ఆమె వెనుక నిలబడి దీపంతో ఒక వంపు గీయండి. కదలకుండా కూర్చోవడంలో పిల్లల కంటే పెద్దవారే నయము.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టినవారు ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటిలో పిల్లలు బయటికి పోయి ఆడుకోవడానికి కూడా జంకుతారు. ఈ ఆట మంచం ప్రక్కనే ఆడుకోవచ్చును. నాన్న మంచం మీద కూర్చొని గీతలు గీస్తే కొడుకు మీట నొక్కవచ్చు. అలసిన మనిషికి అరగంట నవ్వు దొరికినా అది చిన్న సంగతి కాదు.

వెలుగు పూయడం

ఇక రెండవ మార్గము. ఇంటి ముందరి కొబ్బరిచెట్టునో, గ్రామంలోని ఆరాధన మందిరాన్నో ఎన్నుకోండి. మందిరమైతే ముందు పాస్టరు గారి అనుమతి తీసుకోండి. కెమెరా దగ్గర నిలబడి టార్చి వేయకండి. అలా వేస్తే ఫ్లాష్ ఫొటోలాగానే చదునుగా వస్తుంది. ప్రక్కకు పోయి, వాలుగా వేయండి. అప్పుడు కొబ్బరి కాండం మీది గుర్తులు, గోడ మీది ఇటుక వరుసలు నీడలతో లేచి నిలబడతాయి.

టార్చిని గోడకు సున్నం వేసే కుంచెలాగా ఆడిస్తూనే ఉండాలి. ఒకచోట ఆగితే అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. మరొక సూత్రము: దూరం రెండింతలైతే వెలుగు సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. కనుక చెట్టు మొదటికి రెండు సెకండ్లు వేస్తే, దూరంగా ఉన్న తలకు దానికి ఎన్నో రెట్లు సమయం వేయవలసి ఉంటుంది. మొదటి ఫొటో నల్లగానో, తెల్లగానో రావడం సహజము. ఎన్ని సెకండ్లు ఎక్కడ వేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకొంటే నాలుగవ ప్రయత్నానికి సరిపడుతుంది. అయితే ఎల్.ఈ.డి. టార్చి వెలుగు కొంచెం నీలిగా, పాత బల్బు టార్చి వెలుగు నారింజగా పడుతుంది. గోడకు ఒకటి, వాకిలికి ఒకటి వాడితే ఇంటిలోపల దీపం వెలుగుతున్నట్టు కనబడుతుంది.

చేతి పని బొమ్మ

గిల్‌బ్రెత్ దంపతులు చేసిన పనిని మనమూ చేయవచ్చును. అమ్మ చేతి మణికట్టుకు చిన్న దీపం కట్టి, ఆమె చేటతో బియ్యం చెరుగుతుండగా 8 సెకండ్లు తీయండి. ఆ చేయి గీసిన వంపులు ఒకదాని మీద ఒకటి పడి ఒక పువ్వులా కనబడతాయి. కొబ్బరి పీచు తాడు పేనే చేయి, వల అల్లే చేయి, జీడిపప్పు మీది పొట్టు తీసే చేయి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క గీత ఉంటుంది. పలాస జీడిపప్పు పేరు దేశమంతటా తెలుసును గాని, పిక్కలు కొట్టి, పొట్టు తీసిన చేతుల బొమ్మ ఎవరింటి గోడ మీద ఉన్నది? కన్నవారి చేయి రోజంతా ఎన్నిసార్లు ఎంత దూరం తిరుగుతుందో ఆ ఫొటోలో చూసిన పిల్లవాడికి వేరుగా చెప్పవలసినది ఏమీ ఉండదు.

చందమామ, నక్షత్రాలు

ఏ రాత్రి మంచిది? ఒక పున్నమి నుండి మరొక పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అమావాస్యకు అటు ఇటు నాలుగు రోజులు గీతలు గీయడానికి అనుకూలము. పున్నమి రోజులలో వెన్నెలే చెట్లకు, ఇంటికి వెలుగు పూస్తుంది. మనది తూర్పు తీరం గనుక పున్నమి చంద్రుడు సాయంకాలం సముద్రంలో నుండే లేస్తాడు. డిసెంబరులో ఇక్కడ ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ తరువాత ముప్పావు గంట సేపు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. కొత్తవారికి ఆ సమయమే అన్నిటికంటె మంచిది. పిల్లలు రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు కూడా.

ఉత్తరం వైపు చేయి చాచి, పిడికిలి బిగించి, నేల మట్టం నుండి ఒక పిడికిలి మీద మరొక పిడికిలి పెట్టి చూస్తే, సుమారు అక్కడ ధ్రువ నక్షత్రం ఉంటుంది. మన ప్రాంతంలో అది దాదాపు 19 డిగ్రీల ఎత్తున కనబడుతుంది. ఆ వైపు కెమెరా నిలబెట్టి వరుసగా ఒక గంటసేపు ఫొటోలు తీసి కలిపితే నక్షత్రాలన్నీ దాని చుట్టూ 15 డిగ్రీలు తిరిగిన గీతలు కనబడతాయి. తిరిగేది మన భూమి. డిసెంబరు, జనవరి రాత్రులలో మంచు పడి అద్దం మసకబారుతుంది. మెత్తని పొడిగుడ్డ దగ్గర ఉంచుకోండి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది గనుక ఇంటికి వచ్చాక ఫోనును తుడిచి పెట్టండి.

తప్పక పాటించవలసినవి

ఈ భాగాన్ని తల్లిదండ్రులు పిల్లలకు చదివి వినిపించవలెనని మనవి.

చీకటి పడిన తరువాత జీడితోటలలోకి పోవద్దు. ఎండుటాకుల క్రింద పాములుంటాయి. ఉద్దానం తోటలలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడికి ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. ఫొటో కొరకు ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. పెరడు, మందిరం ఆవరణ, బడి మైదానం చాలును. కాళ్లకు చెప్పులు గాక బూట్లు ఉండాలి. ఒంటరిగా పోకూడదు.

స్టీలు పీచును వెలిగించి గిరగిర తిప్పి నిప్పురవ్వలు రాల్చే ఫొటోలు ఫోన్లలో కనబడుతుంటాయి. తాటాకు ఇళ్లు, ఎండుటాకులు, గడ్డివాములు ఉన్న మన ఊళ్లలో అది ఎంతమాత్రము తగదు. ఒక్క రవ్వ చాలును.

రైలు పట్టాల దగ్గర దీపం ఆడించవద్దు. పలాస మీదుగా పోయేది హౌరా-చెన్నై ప్రధాన మార్గము. ఎర్ర దీపం డ్రైవరుకు అపాయ సూచన. అలాగే సముద్రం వైపు దీపాలు తిప్పితే వేటనుండి తిరిగివచ్చే పడవల వారు పొరబడవచ్చు.

బారువ, భావనపాడు వంటి తీరాలలో ఏటా జనవరి నుండి సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటపడి, రాత్రివేళ సముద్రం మీది వెలుగును చూసి నీటివైపు పోతాయి. ఒడ్డున మన దీపం కనబడితే దారి తప్పి ఊరివైపు వచ్చి చనిపోతాయి. కనుక జనవరి నుండి మే వరకు ఇసుక తీరంలో ఈ పని పెట్టుకోవద్దు. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జీవులు. టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద చలికాలంలో గూడు కట్టుకొనే గూడబాతుల మీద, కొంగల మీద కూడా రాత్రి టార్చి వేయరాదు. అక్కడివారు వాటిని అతిథులుగా చూసుకుంటారు.

ఎవరి కంటిలోకీ టార్చి వేయకూడదు. లేజరు దీపాలు అసలే వాడవద్దు. అవి కంటి లోపలి పొరను కాల్చివేయగలవు. కంటి విలువ ఈ తీరానికి తెలిసినంతగా మరెవరికి తెలుసు? సోంపేట ఆసుపత్రిలో కెనడా మిషనెరీ వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్ గారు చూపు పోయినవారికి చికిత్స చేస్తుంటే, ఆ పనికి తోడుగా 1963లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెన్‌కిన్స్ అనే వ్యాపారి మొదలుపెట్టినదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. మన సోంపేటలో చేసిన ఆ పని వలన ఇతర దేశాలలోని ఎందరికో వెలుగు చూసే భాగ్యం కలిగింది.

ఎందుకు తీయాలి?

ఇంత శ్రమ ఎందుకని కొందరు అడగవచ్చును. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తాతలు, తండ్రులు నాటిన కొబ్బరి, జీడి చెట్లు లక్షల సంఖ్యలో ఒక్కరోజులో నేలకూలాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయాయి. పెరటిలోని చెట్టు ఎలా ఉండేదో మనుమలకు చూపించడానికి ఒక్క బొమ్మ కూడా మిగలని ఇళ్లు ఉన్నాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ తరువాత నాటినవి ఇప్పుడు ఎదిగి నిలబడ్డాయి. వాటిని నాటిన చేతులు ఇంకా మన మధ్య ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకే ఫొటోలో నిలబెట్టుకొనే సమయము ఇదే.

పగటి ఫొటో క్షణంలో అయిపోతుంది. దీనికి మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి పని చేయాలి. ఒకరు మీట నొక్కాలి, ఒకరు కదలకుండా కూర్చోవాలి, ఒకరు దీపం ఆడించాలి, ఒకరు సెకండ్లు లెక్కపెట్టాలి. వచ్చే అమావాస్యకు ముందే ఒక ఇసుక సంచి కుట్టి ఉంచుకోండి. పొద్దు గుంకాక వీధిగుమ్మం దీపం ఆర్పండి. ఇంటిలో అందరికంటె పెద్దవారిని ఆ ఇంటి చెట్టు క్రింద కూర్చోబెట్టండి. మొదటి ఫొటో వారిదే కావాలి. మంచిగా వచ్చినదానిని ఫోనులోనే వదిలివేయక, పలాసలోనో టెక్కలిలోనో కాగితం మీద వేయించి, వెనుకవైపు పేరు, తేదీ రాసి దాచుకోండి.